సన్నీవేల్ డాన్స్ హాల్లో మణి పెళ్లిచూపులు

మణి ఎత్తు అయిదడుగుల తొమ్మిదంగుళాలు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మా నరసాపురంలో అందరూ ముందు అదే చెప్పేవారు. నర్సింగ్ పరీక్షలో ఫస్టు వచ్చిందనీ, ఎంత గుక్కపట్టి ఏడ్చే పిల్లయినా దాని చేతిలోకి రాగానే ఊరుకుంటుందనీ తర్వాత చెప్పేవారు, అదీ ఓపికుంటే.

కాలిఫోర్నియాలో, ఈ సన్నీవేల్‌లో మా తెలుగు క్రైస్తవ సంఘం మొదలై పదేళ్లయిందని ఈ ఏడు, అంటే ఎనభై తొమ్మిదిలో, సావనీర్ పుస్తకం వేస్తున్నారు. "మణి గురించి నువ్వు రాయమ్మా విమలా, సంఘంలో దాని సేవ గురించి ఒక పేజీ," అన్నారు మా సంఘపెద్ద ఆనందబాబు గారు. సేవ గురించి రాయడానికి వేరేవాళ్లున్నారు. నేను డాన్స్ గురించి రాస్తాను. ఒక పేజీలో పట్టదు. వేసుకుంటే వేసుకోండి, లేకపోతే మానేయండి.

నా పేరు విమలకుమారి. మణి, నేను ఒకే మిషన్ ఆస్పత్రిలో ట్రైనింగ్ అయ్యాం. డెబ్బై ఏడులో ఒకే విమానంలో వచ్చాం. సన్నీవేల్‌లో ఒకే అపార్ట్‌మెంట్‌లో అయిదేళ్లు కలిసి ఉన్నాం. నాకు ముక్కు మీదే కోపం. వచ్చిందంత వేగంగానూ పోతుంది. మణికి కోపం రాదు, వస్తే పోదు. ఇద్దరిలో ఎవరికి భయపడాలో మా వార్డులో డాక్టర్లకి బాగా తెలుసు.

ఇక్కడ పుట్టిన పిల్లలకి పెళ్లిచూపులంటే తెలియదు గనక కొంచెం చెప్పాలి. మగపెళ్లివారు పదిమంది వస్తారు. ముందు ప్రార్థన. తర్వాత అమ్మాయి కాఫీ పళ్లెం పట్టుకుని వస్తుంది. బైబిల్లో ఒక అధ్యాయం చదివిస్తారు, నత్తి ఉందేమో అని. ఒక కీర్తన పాడిస్తారు, గొంతు చూడటానికి. ఆ పైన పెద్దావిడ ఎవరో ఒకరు గొంతు సవరించుకుని, "ఏమీ అనుకోకమ్మా, ఆ గుమ్మందాకా నాలుగడుగులు నడిచి రా," అంటుంది. కాలు కుంటేమో చూడాలి కదా. ఎవరూ ఏమీ అనుకోరు. నడిచేది వాళ్లు కాదు గదా.

మణికి అలా ఏడుసార్లు జరిగింది. ఏడోసారి పాలకొల్లునుంచి వచ్చారు. ఆ అబ్బాయి తల్లి మణిని ఈ గోడనుంచి ఆ గోడకి మూడుసార్లు నడిపించింది. మడమలు నేలకి ఆనుతున్నాయో లేదో చూడాలని కుచ్చిళ్లు కాస్త ఎత్తి పట్టుకోమంది. అంతా చూసి, "పిల్ల బాగానే ఉంది గాని మావాడు దీని భుజం దాటడు," అని నవ్వింది. అందరూ నవ్వారు. మణి వాళ్ల నాన్న కూడా మర్యాదకి నవ్వాడు. ఆ నవ్వు దానికి తగిలింది.

వాళ్లు వెళ్లాక వంటింట్లో నాతో అంది. "విమలా, ఇంకోసారి ఎవరైనా నన్ను నడిచి చూపించమంటే నడుచుకుంటూ వెళ్లిపోతాను. మళ్లీ రాను." ఆరు నెలలు తిరక్కుండా అమెరికా వచ్చేశాం. అంత దూరం వెళ్తుందని వాళ్ల నాన్న అనుకోలేదు.

ఇక్కడ దానికి వచ్చిన ఉద్యోగం ఎముకల వార్డులో. మోకాలికో తుంటికో ఆపరేషన్ అయినవాళ్లని మర్నాడే మంచం దింపి నడిపించాలి. నడకంటే ఒళ్లు మండే మనిషికి జనాన్ని నడిపించే పని ఇచ్చాడు దేవుడు. ఆయన హాస్యం మనకి అర్థం కాదు. మణి మాత్రం ఆ పని ఇష్టంగా చేసేది. రోగి వెనకాల నిలబడి, ముట్టుకోకుండా, మెల్లిగా లెక్క చెప్పేది. వన్, టూ, త్రీ, ఆగండి. వన్, టూ, త్రీ, ఆగండి. ఏడ్చే ముసలివాళ్లు కూడా ఆ గొంతు విని అడుగు వేసేవారు.

అలా నడిచినవాళ్లలో వాండా అనే ఆవిడ ఉంది. చిన్నప్పుడు ఓక్లహోమాలో కరువొస్తే తల్లిదండ్రులతో ట్రక్కు ఎక్కి కాలిఫోర్నియా వచ్చిన మనిషి. ముప్ఫై ఏళ్లు ఆప్రికాట్ పళ్లు డబ్బాల్లోకి ఎక్కించే ఫ్యాక్టరీలో నిలబడి నిలబడి మోకాలు అరగదీసుకుంది. శనివారాలు మధ్యాహ్నం లైన్ డాన్స్ నేర్పేది. వార్డులో నడుస్తూ నడుస్తూ మణితో, "నీ లెక్క ఒక్కసారి కూడా తప్పలేదమ్మాయ్. మా డాన్స్‌కి రా," అంది.

"మేం డాన్సులు చేయమండి," అంది మణి.

"ఎవర్నీ పట్టుకోనక్కర్లేదు. నిన్నెవరూ పట్టుకోరు. వరసలో నిలబడి అందరితోపాటు నడవాలి, అంతే."

మణి "కూర్చుని చూసేవాళ్లుంటారా?" అని అడిగింది.

"అందరూ ఒకే గోడవైపు తిరిగి ఉంటారు. ఎవరి ముఖం ఎవరికి కనిపిస్తుంది?" అంది వాండా.

ఆ మాటకి మణి ఒప్పుకుంది. ఒంటరిగా వెళ్లలేక నన్ను లాక్కెళ్లింది.

అది ఎనభయ్యో సంవత్సరం, అక్టోబర్. దేశమంతటికీ కౌబాయ్ పిచ్చి పట్టిన ఏడాది. గుర్రాన్ని బొమ్మలో తప్ప చూడని ఇంజనీర్లు కూడా టోపీలు కొన్నారు. ఎల్ కమినో రోడ్డునుంచి లోపలికి రెండు వీధులు వెళ్తే, ఒకప్పుడు ఆప్రికాట్ పళ్లు నిలవచేసిన పెద్ద చెక్క షెడ్డు ఉండేది. తోటలు పోయి కంప్యూటర్ చిప్‌ల ఫ్యాక్టరీలు వచ్చాక దాన్ని డాన్స్ హాలు చేశారు. అందరూ బార్న్, అంటే కొట్టం, అనేవారు. పోయిన నెలలో దాన్నీ పడగొట్టారు, ఆఫీసులు కడతారట. లోపల ఫిడేలు, బాంజో, గిటారు. పాటలన్నీ ఏడుపే. పెళ్లాం వెళ్లిపోయింది, ట్రక్కు చెడిపోయింది, కుక్క చచ్చిపోయింది. జనం మాత్రం పళ్లన్నీ బయటపెట్టి గెంతుతున్నారు.

హాలు మధ్యలో పాలిష్ పెట్టిన చెక్కనేల అద్దంలా మెరుస్తోంది. మణి దాని అంచున ఆగి షూ విప్పేసింది. నేనూ విప్పాను. మేం ఆలోచించను కూడా లేదు. అంత శుభ్రమైన నేలమీద, అందరూ వరసల్లో నిలబడినచోట, చెప్పులతో ఎవరు అడుగుపెడతారు? మా ఊళ్లో ఆదివారం ప్రార్థనకి గుడికెళ్తే గుమ్మం బయటే కదా విడిచేది.

విప్పిన షూ గోడవారన పెడదామని వంగి చూస్తే, అక్కడ అప్పటికే ఒక జత నల్లబూట్లు ఉన్నాయి. చిన్న సైజు. మడమలు గోడకి ఆనించి, సాక్సులు మడిచి లోపల దోపి, బుద్ధిగా పెట్టి ఉన్నాయి. మణి నా మోచెయ్యి గిల్లింది.

"ఒసే, ఇక్కడ మనవాళ్లెవరో ఉన్నారే."

వెతికాం. మొదటి వరసలో, అన్ని బూట్ల మధ్య, రెండు ఉత్తి పాదాలు. ఆ పాదాల మీద అయిదడుగుల నాలుగంగుళాల మనిషి. మేం చూస్తుండగానే పక్కనున్న లావుపాటాయన బూటు మడమ ఈ మనిషి కాలివేలిమీద పడింది. అరవలేదు. ఒంటికాలిమీద కుంటుతూ వచ్చి బెంచీమీద కూలబడ్డాడు. మణి వెళ్లి, అడక్కుండానే ఆయన పాదం ఒళ్లోకి తీసుకుని, వేళ్లు ఒక్కొక్కటీ నొక్కి చూసి, తెలుగులో చెప్పింది.

"విరగలేదండి. ఐస్ పెట్టండి. వచ్చేవారం బూట్లతో రండి."

ఆయన కాలి సంగతి మర్చిపోయి, "మీరు తెలుగాండీ?" అన్నాడు.

"కాదండీ, స్పానిష్," అన్నాను నేను.

ఆయన పేరు రత్నరాజు. రాజోలు దగ్గర పల్లెటూరు. చిప్‌ల ఫ్యాక్టరీలో మెషీన్లు రిపేర్ చేసే టెక్నీషియన్. దేశానికి తూర్పు చివర పార్సిప్పనీలో ఉన్న అక్క స్పాన్సర్ చేస్తే వచ్చి, ఉద్యోగం కోసం ఇటు చేరి రెండు నెలలు. మా సంఘం ఒకటుందని కూడా తెలియదు. నోట్లో నాలుక లేని మనిషి. ఫ్యాక్టరీలో తోటివాళ్లు రమ్మంటే వచ్చాడట. రెండో వారం ముగ్గురం బూట్లు కొన్నాం. ఆ బూట్లు వీధిలో వేసుకుని మళ్లీ అదే నేలమీద తొక్కడానికి మణికి, ఆయనకి మనసొప్పలేదు. హాల్లోనే ఒక మూల ఉంచి, డాన్స్‌కి మాత్రమే తొడిగేవారు. వాండా అందరికీ చూపించి గొప్పగా చెప్పుకునేది.

అడుగులు పెద్ద కష్టం కాదు. కుడికి మూడు, తట్టు. ఎడమకి మూడు, తట్టు. వెనక్కి మూడు, తట్టు. తర్వాత గిరుక్కున వెనక గోడవైపు తిరగాలి, మళ్లీ మొదలు. అలా తిరిగినప్పుడు చివరి వరస మొదటి వరస అవుతుంది. అందులోనే ఉంది కష్టమంతా. ఇప్పటిదాకా ముందువాళ్ల కాళ్లు చూసి వేసినవాళ్లకి ఎదురుగా గోడ తప్ప ఏమీ ఉండదు. నేను అక్కడ నెలరోజులు కొట్టుకున్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, బూట్లు కరుస్తున్నాయని చెప్పి బెంచీమీద కూర్చోవడం మొదలుపెట్టాను. అందువల్లే ఇదంతా నాకు బాగా కనిపించింది.

పొడుగువాళ్లు వెనక, పొట్టివాళ్లు ముందు. మణి చివరి వరస, రత్నరాజు గారు మొదటి వరస. తిరిగితే ఈయన చివర, అది మొదట. ఏడాదిన్నర పాటు వాళ్ల పరిచయం చాలావరకు వీపులతోనే జరిగింది. అయినా మణి ఎంత మారిందో నేను చూశాను. నరసాపురంలో అది భుజాలు వంచుకుని నడిచేది, ఎత్తు తగ్గించుకోవడానికి. బార్న్‌లో ఆరునెలలు తిరిగేసరికి నిటారుగా నిలబడటం నేర్చుకుంది. మొదటి వరసలోకి వచ్చినప్పుడల్లా వెనకున్న అరవైమందీ దాని కాళ్లు చూసే అడుగు వేసేవారు, ఎందుకంటే అది అడుగు తప్పదు. దానికి అది తెలుసు. గర్వంగా ఉండేదట. నాతో చెప్పింది, నేను మురిసిపోయాను.

సంఘంలో మాట రాకుండా ఉంటుందా? ఆనందబాబు గారు ఒక ఆదివారం నన్ను పక్కకి పిలిచారు.

"డాన్సులేంటమ్మా విమలా. పెళ్లికాని పిల్ల. నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు."

"అక్కడ ఎవరూ ఎవర్నీ ముట్టుకోరండి. మీ ఇంట్లో బర్త్‌డే పార్టీలో మ్యూజికల్ చైర్స్ ఆడినప్పుడు ఇంతకంటే ఎక్కువ తోసుకుంటాం. వాళ్ల నాన్నకే లేదు బాధ. కందకి లేని దురద కత్తిపీటకెందుకు?"

పెద్దాయనతో అలా అనకూడదు. అనేశాను. ఆయన మంచివారు గనక కోప్పడకుండా ఆ శనివారం స్వయంగా చూడటానికి వచ్చారు. చేతులు కట్టుకుని గుమ్మంలో గంటసేపు నిలబడ్డారు. ముఖం గంభీరంగానే ఉంది గాని కుడికాలు మాత్రం తాళం వేస్తూనే ఉంది. ఆ తర్వాత మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ఎనభై రెండు ఫిబ్రవరిలో, పార్కింగ్ లాట్‌లో, రత్నరాజు గారు మణి కారు దగ్గరికొచ్చి టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. నేను కారులోనే ఉన్నాను.

"మణిగారూ. మీకు అభ్యంతరం లేకపోతే మా అక్కకి ఫోన్ చేస్తాను."

అంతే. మన మగవాళ్లకి అంతకంటే రాదు. మణికి అర్థమైంది. ముఖం వెలిగిపోయింది, ఆ వెంటనే మసకబారింది.

"చేయండి. నాకు చాలా సంతోషం. కాని ఒక మాట అండి. నన్ను కూర్చోబెట్టి చూడటం, నడిపించి చూడటం నావల్ల కాదు. ఎవరైనా అడిగితే వెళ్లిపోతాను. మీమీద ఇష్టం లేక కాదు."

ఆయన తలూపాడు. వారం తిరిగేసరికి తలవంచుకుని వచ్చాడు. అక్క పేరు వసంతకుమారి. మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్‌లో పని. మా సంఘంలోనే ఎవరో మహాతల్లి ఆవిడకి ముందే ఫోన్ చేసి, పిల్ల తాటిచెట్టంత పొడుగని చెప్పిందట. "చూడకుండా ఎలా రా? ఏప్రిల్‌లో టికెట్ బుక్ చేశాను. నా కళ్లముందు నడిపించి, నీ పక్కన నిలబెట్టి చూస్తేగాని ఊఁ అనను," అందట ఆవిడ.

నాకు ఒళ్లు మండిపోయింది. "మీరేమన్నారు? గట్టిగా చెప్పలేకపోయారా? ముప్ఫై ఎనిమిదేళ్లొచ్చాయి."

"అడగొద్దని చెప్పానండి. వినలేదు," అన్నాడు. "మా అమ్మ పోయినప్పుడు నాకు నాలుగేళ్లు. అక్కకి పద్నాలుగు. తను బడి మానేసి నన్ను పెంచింది, చదివించింది. అక్క వద్దంటే చేసుకోలేనండి. మణిగారు కాదంటే ఇంకెవర్నీ చేసుకోను," అన్నాడు.

అన్నాళ్లలో ఆయన అన్ని మాటలు కలిపి మాట్లాడటం అదే మొదటిసారి. నా కోపం దిగిపోయింది. ఒకరు అడక్క మానరు, ఒకరు అడిగితే ఆగరు, మధ్యలో ఈ పెద్దమనిషి. నాకు నిజంగా భయం వేసింది.

ఆ సాయంత్రం మణి చపాతీ పిండి కలుపుతూ కలుపుతూ ఆగిపోయింది. "నాకు ఆయన కావాలే విమలా. చాలా కావాలి. కాని ఆ నడక నడిస్తే నన్ను నేను మళ్లీ చూసుకోలేను," అంది. కళ్లలో నీళ్లు లేవు. నాకే వచ్చాయి. కొంచెంసేపటికి పిండిచేత్తోనే ఫోన్ వైపు చూపించింది.

"ఆవిడొచ్చాక శనివారం బార్న్‌కి తీసుకురమ్మని ఆయనతో చెప్పు. మనింట్లో వద్దు."

"అక్కడైతే ఏం చేస్తావే?"

"ఏం చేస్తానో తెలీదు. అక్కడ నాకు భయం ఉండదు."

పెళ్లిచూపులంటే పెద్దలుండాలి. ఏప్రిల్‌లో ఆ శనివారం రెండింటికి వసంతకుమారి గారి వెనకాల ఆనందబాబు గారు, ఆయన వెనకాల మొత్తం సంఘం, ఏడు కుటుంబాలు, బార్న్‌లోకి వచ్చేశాయి. పట్టుచీరలు, టైలు. చెక్కనేల చూడగానే ఎవరూ చెప్పకుండానే అందరూ జోళ్లు విప్పారు. గోడవారన ఇరవై ఆరు జతలు. తర్వాత మగవాళ్లు ఎడమవైపు, ఆడవాళ్లు కుడివైపు, మధ్యలో దారి వదిలి వరసలు కట్టి నిలబడ్డారు. వేరేలా నిలబడటం మావాళ్లకి రాదు. వాండా రికార్డు ఆపేసి, ఇది ఇండియా లైన్ డాన్సా అని నన్ను అడిగింది. నేను జవాబు చెప్పేలోగా అక్కడున్న కౌబాయ్‌లు కూడా మర్యాదగా ఆడా మగా విడిపోయి వెనక వరసల్లో చేరారు.

అన్ని వరసలు, అంత నిశ్శబ్దం చూసేసరికి ఆనందబాబు గారికి అలవాటు ఆగలేదు. "ప్రార్థన చేసుకుందాం," అన్నారు. హాల్లో ఉన్న టోపీలన్నీ దిగాయి. ఇంతింత మీసాలున్న ట్రక్కు డ్రైవర్లు టోపీలు గుండెకి ఆనించుకుని తెలుగు ప్రార్థన పది నిమిషాలు వంచిన తల ఎత్తకుండా విన్నారు. ఆమేన్ మాత్రం మాకంటే వాళ్లే గట్టిగా అన్నారు. నాకు నవ్వాగక కొంగు నోట్లో కుక్కుకున్నాను.

వసంతకుమారి గారు బెంచీమీద కూర్చున్నారు. నలభై ఎనిమిదేళ్ల మనిషి, బక్కపలచగా, గట్టిగా ముడి వేసిన జుట్టు. మణి వచ్చి, "వందనాలండి," అంది. ఆవిడ తలెత్తి, ఇంకా ఎత్తి, ఇంకా ఎత్తి చూశారు.

"కూర్చోమ్మా," అన్నారు. ఊరు అడిగారు, డ్యూటీ వేళలు అడిగారు, నాన్నగారి ఆరోగ్యం అడిగారు. గొంతు మెత్తగానే ఉంది. గండం గడిచిపోయిందేమో, ఇక అడగరేమో అని నేను ఊపిరి వదలబోతున్నాను. ఆవిడ గొంతు సవరించుకున్నారు.

"ఏమీ అనుకోకమ్మా. ఆ చివరిదాకా ఒక్కసారి నడిచి రా."

రత్నరాజు గారు లేచాడు. "అక్కా. అడగొద్దని చెప్పాను."

"నువ్వూరుకోరా."

మణి లేచింది. తలుపువైపు తిరిగింది. రెండడుగులు వేసింది కూడా. అయిపోయిందనుకున్నాను. దాని కారు తాళాలు నా దగ్గరే ఉన్నాయి, ఇవ్వకుండా పారిపోదామా అని కూడా అనిపించింది. మణి అక్కడ ఆగి రత్నరాజు గారి ముఖంలోకి చూసింది. ఆయన ముఖం చూస్తే నాకే జాలేసింది. మణి వెనక్కి వచ్చి ఆవిడ ముందు చెయ్యి చాపింది.

"నడుస్తానండి. ఒక్కదాన్నే నడవను. మీరూ రండి."

"నేనా?" అన్నారు ఆవిడ.

"చివరి వరసలో నిలబడండి. మీ ముందు నేనుంటాను. నా కాళ్లు చూస్తూ వేయండి. మీరు చూడాలన్నది అదే కదా."

సంఘంలో ఆడవాళ్లందరూ చూస్తున్నారు. కాదంటే చిన్నతనం. ఆవిడ కొంగు బిగించి నడుముకి దోపుకుని లేచారు. డాన్స్‌కి వచ్చినవాళ్లందరూ ఎప్పటిలా వరసల్లోకి సర్దుకున్నారు. మావాళ్లు బెంచీల దగ్గరికి చేరారు. వాండా సులువైన పాట పెట్టింది.

మొదటి చుట్టు బాగానే నడిచింది. కుడికి మూడు, తట్టు. ఎడమకి మూడు, తట్టు. ఆవిడ మణి మడమల మీదనుంచి చూపు తిప్పలేదు. వెనక్కి మూడు, తట్టు. తర్వాత హాలంతా గిరుక్కున తిరిగింది, చివరి వరస మొదటి వరస అయింది. వసంతకుమారి గారి ముందు గోడ. వెనకాల అరవైమంది, అందరి కళ్లూ ఆవిడ కాళ్లమీదే. ఆవిడ పాదాలు నేలకి అతుక్కుపోయాయి. ముందు వరస ఆగితే వెనకవాళ్లూ ఆగిపోయారు. పాట మాత్రం ఆగలేదు. పాటగాడు ఎవరో వెళ్లిపోయినందుకు ఒక్కడే ఏడుస్తున్నాడు.

ఆవిడ మెడ వెనక చెమట పట్టడం బెంచీమీదనుంచి నాకు కనిపించింది. చీర అంచు వణుకుతోంది. అప్పుడు వెనకనుంచి మణి, ముట్టుకోకుండా, వార్డులో మాట్లాడే గొంతుతో అంది.

"కుడికాలు, వదినా. ఒకటి. రెండు. మూడు. తట్టండి."

వదినా అంది. నేను విన్నాను. ఇంకా ఏదీ కుదరలేదు, కుదురుతుందో లేదో తెలియదు, నోటికి ఆ మాటే వచ్చింది. ఆవిడ కుడికాలు కదిలింది. ఒకటి, రెండు, మూడు. పాదం తట్టింది. వెనకాల అరవై బూట్లు ఒక్కసారి తట్టాయి. ఆ చప్పుడుకి ఆవిడ ఉలిక్కిపడి, తర్వాత నవ్వారు. నాలుగో చుట్టుకి వచ్చేసరికి కీర్తనకి కొట్టినట్టు మధ్యలో చప్పట్లు కూడా కలిపారు. ఆ చప్పట్లు వాండా నేర్పలేదు. బెంచీల దగ్గర మావాళ్లూ అందుకున్నారు. ముందు ఆనందబాబు గారి భార్య, తర్వాత పిల్లలు, చివరికి టై సర్దుకుంటూ ఆనందబాబు గారు, ఉత్తి పాదాలతో వెళ్లి వరసల్లో దూరారు. నాకు బూట్లు కరుస్తున్నాయన్న సంగతి మర్చిపోయి నేనూ వెళ్లాను. ఎవరికి వచ్చింది, ఎవరికి రాలేదు అన్న లెక్కే లేదు. నా జీవితంలో నేను అంత నవ్విన రోజు ఇంకొకటి లేదు.

పాట అయిపోయాక వసంతకుమారి గారు ఆయాసపడుతూ బెంచీమీద కూర్చున్నారు. వాండా ఇచ్చిన నిమ్మరసం సగం తాగి గ్లాసు పక్కన పెట్టారు. మణి ఎదురుగా నిలబడింది. నవ్వులు ఒక్కొక్కటీ ఆగిపోయాయి.

"నాకు పదిహేడేళ్లప్పుడు మా అత్తగారు నన్ను ఇలాగే నడవమంది," అన్నారు ఆవిడ. "వీడికి అప్పుడు ఏడేళ్లు. నన్ను వదలకుండా నా కొంగు పట్టుకుని వీడూ నా వెనకే నడిచాడు. అందరూ నవ్వారు. నా కాళ్లు వణికాయి. ఆ సంగతి మర్చిపోయాననుకున్నాను తల్లీ. ఇందాక అంతమంది వెనకనుంచి చూస్తుంటే మళ్లీ అవే కాళ్లు." ఆవిడ కళ్లు తుడుచుకున్నారు. "నేను పడింది నువ్వూ పడేలా చేయబోయాను. తప్పయింది."

"అయ్యో, అదేంటండి," అంది మణి.

"ఉండు." ఆవిడ తమ్ముడివైపు తిరిగారు. "ఒరేయ్ రత్నం. ఇలా రా. ఆ గోడదాకా నడిచి వెళ్లు. మళ్లీ నడిచి రా."

రత్నరాజు గారు అటూ ఇటూ చూశాడు. ఆవిడ ముఖంలో వేళాకోళం లేదు. ఆయన నడిచాడు. అంత పెద్ద హాల్లో ఒక్కడే, బూట్లు టకటకమంటుంటే, ఇటు సంఘమంతా, అటు కౌబాయ్‌లంతా చూస్తుండగా, ఆ చివరిదాకా వెళ్లాడు. గోడ తాకాడు. చెవులు ఎర్రగా కందిపోయి వెనక్కి వచ్చి మణి పక్కన నిలబడ్డాడు. ఆయన తల దాని చెవి దాటలేదు. ఎవరూ నవ్వలేదు.

"బాగా చూసుకోమ్మా," అన్నారు వసంతకుమారి గారు మణితో. "పొట్టివాడు. మాట పెగలదు. వంట రాదు. నేను పెంచాను గనక నాకు ముద్దు. కాపురం చేయాల్సింది నువ్వు. నీకు నచ్చాడా?"

మణి జవాబు చెప్పబోయి ఆగింది. కళ్లు నిండి నీళ్లు బుగ్గలమీదకి జారాయి. అది ఏడవగా నేను చూడటం అదే మొదటిసారి.

"నన్నెవరూ ఇది అడగలేదు వదినా," అంది. "నచ్చారు."

చివరి వరసదాకా వినిపించేలా అంది.